చాయ్ ముట్టని మొయిన్ సాబ్

వెలిమెలలో ఆ విల్లా షెడ్డు షట్టర్ పైకి లేవగానే ముందుగా వాసన తగిలింది. పెట్రోలు, దాని వెనకే సన్నగా కాలిన ఆయిలు. మామూలు కారు దగ్గర ఆ వాసన వస్తే ఇంజిన్ పోయిందనుకుంటాం. రోటరీ ఇంజిన్‌కు మాత్రం అది ఒంటి వాసన. నడుస్తున్నంతసేపూ తన ఆయిల్‌ను తానే కొంచెం కొంచెం తాగే ఇంజిన్ అది. కారు అమ్మకానికి పెట్టింది ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. కప్పిన గుడ్డ లాగేశాడు. ఎర్రటి జపాన్ స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, ఉరకడానికి వంగినట్టు నేలకు ఆనుకుని ఉంది. "ముట్టుకోవచ్చు అంకుల్, ఏం కాదు" అని నవ్వాడు. నేను అప్పటికే చేతి వెనకభాగం బానెట్‌కు ఆనించి ఉన్నాను. చల్లగా ఉంది. నేను వచ్చేలోపు వేడి చేసి పెట్టలేదన్నమాట. ఈ వయసులో పెళ్లిచూపులకు వచ్చినవాడిలా గుండె కొట్టుకుంది.

బానెట్‌ను అట్లా చూడడం నాకు నేర్పినవాడు మొయిన్ సాబ్. పటాన్‌చెరులో హైవే పక్కన ఆయనకు పాత కార్ల దుకాణం ఉండేది. నేను అక్కడ కొన్నేళ్లు పనిచేశాను. కారు కొనేవాళ్లు ముందు ఆయన్ని తీసుకెళ్లి చూపించుకునేవారు. తెల్లటి లాల్చీ, జేబులో టార్చి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుండే నోరు. వయసులో ఉన్నప్పుడు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో చేసి వచ్చాడు. అక్కడ చూసిన రోటరీ కార్ల గురించి చెప్పడం మొదలుపెడితే దుకాణానికి వచ్చిన గిరాకీని కూడా మరిచిపోయేవాడు. ఆయనకు ఒక గట్టి అలవాటు. కారు చూడడానికి ఎవరింటికి పోయినా, బండి బాగుందో లేదో చెప్పేదాకా వాళ్ల చాయ్ ముట్టడు. మా వైపు చాయ్ వద్దంటే మనిషినే వద్దన్నట్టు. అయినా చేయి గుండెకు ఆనించి "పైలే బాత్, బాద్ మే చాయ్" అనేవాడు, ముందు మాట, తర్వాతే చాయ్ అని.

ఒకరోజు పటాన్‌చెరులోని గిరాకీ ఒకాయన, కందిలో అమ్మకానికున్న రోటరీ కారు చూసి రమ్మని మమ్మల్ని పంపాడు. సాబ్ ఆనందం చెప్పలేను. దారిలో హోటల్ దగ్గర ఆగి ఉల్లిగడ్డ సమోసాలు తెప్పించాడు. ఒక సమోసా తీసి సాసర్‌లో పెట్టి వేలితో గిరగిరా తిప్పాడు.

"సూడు సీనూ, గిందులో పిస్టన్ లేదు, ఏం లేదు. గీ సమోసానే తిరుగుతది. మూడు కొసలూ గోడకు రాసుకుంటనే ఉండాలె. కొసలు అరిగినయనుకో, గాలి జారిపోతది. చల్లగున్నప్పుడు స్టార్ట్ అయితది. గరమైనంక బంద్ చేసి తిప్పు, అప్పుడు బయటపడ్తది అసలు సంగతి."

"గందుకేనా సాబ్ మీరు చాయ్ తాగనిది?"

"అరె, చాయ్ అంటే చాయేనా? ముచ్చట్లు పెడ్తరు, పొలం సూపిస్తరు, అన్నం తినిపోండంటరు. గంతల ఇంజిన్ చల్లారుతది. మళ్ల చాయ్ తాగినంక మన నోరు గూడ చల్లారుతది" అని సమోసా కొస కొరికాడు. "గిది మాత్రం గరమ్‌గనే తినాలె."

కందిలో కారు యజమాని ప్రభాకర్, రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. మోజుపడి తెచ్చుకున్న కారు. సాబ్ దానిని హైవే మీద తిప్పి తెచ్చి, ఆపి, బానెట్ పక్కన నిలబడ్డాడు. అప్పుడే ప్రభాకర్ తల్లి సాయమ్మ స్వయంగా పళ్లెంలో చాయ్ తెచ్చింది. యాలకుల వాసన వాకిలంతా కమ్ముకుంది. సాబ్ చేయి గుండెకు ఆనించాడు, కారెక్కి తాళం తిప్పాడు. ఇంజిన్ గిర్రున తిరిగింది కానీ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. లేదు.

"జెర చల్లారనియ్యి సాబ్, చాయ్ తాగుర్రి గంతల" అన్నాడు ప్రభాకర్.

"లోపల అరిగింది భాయ్. ఇంజిన్ విప్పాలె. మా గిరాకీకి వద్దు" అని సాబ్ దిగిపోయాడు. ఇక చాయ్ తాగమని ఎవరూ అనలేదు.

మేం వెళ్లాక ప్రభాకర్ వాడకట్టువాళ్ల ముందు మళ్లీ తాళం తిప్పాడట. అప్పటికి చల్లారిన కారు ఒక్కసారికే స్టార్ట్ అయింది. అంతే, సాయిబు అబద్ధం చెప్పాడన్నారు. మా ఇంటి గ్లాసు ముట్టడానికి నామోషీ పడ్డాడన్నారు. ఆ మాట సంగారెడ్డి దాకా పాకింది, పిలిచేవాళ్లు తగ్గారు. కంది హోటల్లో నన్నే నిలబెట్టి అడిగారు, "ఎందుకు తాగలేదు మీ సాబు?" అని. సమోసా సంగతి నాకు తెలుసు. కానీ అప్పటికే సంగారెడ్డిలో సొంత దుకాణం పెట్టాలనుకుంటున్నాను, ప్రభాకర్ టిప్పర్ల బేరాలు నాకు కావాలి. "పెద్దోళ్ల సంగతి మనకేం తెలుసు" అని తప్పించుకున్నాను. నేనన్న మాట సాబ్ చెవిన పడే ఉంటుంది. మర్నాడు కూడా ఎప్పటిలాగే నాకు సమోసా తెప్పించాడు. కరోనాకు ముందే పోయాడాయన. ఇప్పటికీ కొందరు ఆయన్ని పొగరుబోతుగానే తలుచుకుంటారు. అది సరిచేయాల్సింది నేనే.

వెలిమెలలో మాత్రం ఆయన చెప్పినట్టే చేశాను. లోపలి గాలి పట్టు వినడానికి ప్లగ్గులు విప్పించి, కుర్రాడిని సెల్ఫ్ కొట్టమని కళ్లు మూసుకున్నాను. ఛఫ్, ఛఫ్, ఛఫ్. సమోసా మూడు పక్కలూ ఒకే ఊపిరితో పలికాయి. ప్లగ్గులు బిగించి రోడ్డెక్కాక ఆ ఇంజిన్ దడదడలాడలేదు, తుమ్మెదలా రొద చేస్తూ పైకి, ఇంకా పైకి పోయింది. నాకు తెలియకుండానే కేక వేశాను. పక్కసీట్లో కుర్రాడు పకపకా నవ్వాడు. విల్లాకు తిరిగొచ్చి ఆపగానే "పైకి రండి అంకుల్, చాయ్ రెడీ. మేడ మీది నుంచి ఊరంతా కనిపిస్తది" అన్నాడు. నా కాలు మెట్టు మీద పడింది. పడి ఆగిపోయింది. వెనక్కి తిరిగి బానెట్ పక్కన నిలబడ్డాను. చేతి వెనకభాగం కాలింది. కారెక్కి తాళం తిప్పాను. ఆ క్షణంలో నాకు కావలసింది కారు ఒక్కటే కాదు, సాబ్ నేర్పిన పద్ధతి నిలబడడం కూడా. ఒక్క తిప్పుకే అందుకుంది! "తీసుకుంటున్నాను బాబూ" అని చెప్పి, అప్పుడు తాగాను చాయ్.

కారు నా చేతికొచ్చిన రోజు సంగారెడ్డిలోని మా ఇంటికి పోకుండా, దారిలో కందిలోనే ఆపాను. సాయమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది, చూపు మాత్రం చురుగ్గానే ఉంది.

"ఎవరు బిడ్డా? గా చాయ్ ముట్టని సాయిబు మనిషివి కాదూ?"

"ఆయన మనిషినే అమ్మా" అన్నాను. సమోసా దగ్గరి నుంచి హోటల్లో నేనన్న మాట దాకా, వరసగా అంతా చెప్పాను.

"ఆయన కోసం యాలకులు దంచి పోసిన ఆ దినం" అంది సాయమ్మ. "మా గ్లాసు గలీజని అనుకున్నడేమో అని ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్న. నీ నోట్లె ఏం పెట్టుకున్నవ్ రా గిన్నొద్దులు, బెల్లమా?"

ఆమె చూపు నా వెనక ఆగి ఉన్న కారు మీదికి పోయింది.

"గీ బండి గూడ గసుమంటిదేనా?"

"అసుమంటిదే అమ్మా."

"గరమ్‌గున్నదా ఇప్పుడు?"

"ఉన్నది."

"అయితే తిప్పు, నేను సూస్త."

తిప్పాను. వాకిలి మోగిపోయింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. సాయమ్మ లేచి వచ్చి బానెట్ మీద అరచేయి పెట్టి, "అబ్బ!" అని వెనక్కి లాక్కుంది. "అట్ల కాదమ్మా, చేతి వెనకతోని చూడాలె" అన్నాను. చేయి తిప్పి మళ్లీ ఆనించింది. మొయిన్ సాబ్ చేయి అట్లాగే ఉండేది. తర్వాత ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టుకుని వచ్చింది. యాలకుల వాసన వస్తోంది. నేను చేయి చాపితే గ్లాసు ఇవ్వకుండా వెనక్కి పట్టుకుంది.

"ముందుగాల చెప్పు. బండి మంచిదేనా?"

"మంచిదే అమ్మా."

"అయితే తాగు."