అత్త బొటనవేలు

మా మేనత్త పోయింది. నేను పనిమీద బయటూళ్లో ఉండగా, మొన్న సోమవారం పొద్దున మా వేంపల్లె నుంచి ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. ముఖం కంటే ముందు నా చూపు ఆమె కుడిచేతి బొటనవేలి మీద పడింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ వేలిని నల్లగానే చూశాను. ఇప్పుడు శుభ్రంగా ఉంది. నాకు భయమేసింది.

ఆ నలుపు గుంటగలగరది. దాని పసరుతో అత్త తలనూనె కాచేది. చిన్నప్పుడు ఓసారి సాయం చేద్దామని తెల్లపూల మొక్కలు చొక్కా ఒడినిండా పీక్కొచ్చాను. చూసి పడీపడీ నవ్వింది.

"ఇది పలకాకు అల్లుడా! పో, పలక తుడుచుకో పో."

మీలో పలక పట్టినవాళ్లకు పలకాకు తెలిసే ఉంటుంది. రెండూ చామంతి జాతివే, రెండిటివీ తెల్లపూలే. పలకాకు పువ్వు పొడుగాటి కాడ మీద మెడ నిక్కించి ఉంటుంది. గలగర పువ్వు చొక్కా గుండీ అంత, ఆకుల సందున దాక్కుంటుంది. అయినా అత్తకు అది చాలదు. "పువ్వును నమ్మొద్దు. కాడ తుంచి ఏలి మీద నలుపు. రవ్వంతసేపు ఆగు. నల్లగయితేనే గలగర" అనేది.

గలగరకు తడి కావాలి. ఒకప్పుడు మా బావి కాలవ పొడుగునా ఉండేది. బావి ఎండాక వంకలో మాత్రమే దొరికేది. తర్వాత వంకలోనూ మడుగు చుట్టే మిగిలింది. అత్త ఏటా ఇంకాస్త దూరం నడిచేది. నేను చీనీ, అదే బత్తాయి, మొక్కలు నాటుతానంటే వద్దంది.

"గలగర యాడికి పోతాందో సూడు. నీళ్లు గూడా ఆడికే పోతాండాయి."

"బోరుండాది కదత్తా" అన్నాను. అన్నీ తెలుసనుకునే రోజులవి. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పైగా మొక్కలకు పాదులు తీయడానికి రోజూ వచ్చింది. తిట్టి ఉంటే ఇప్పుడింత బాధ ఉండేది కాదు.

ఈ ఏడాది చెట్లు తొలికాపుకొచ్చాయి. బోరు ఆగి ఆగి పోస్తోంది. పోయిన నెల అత్త మడుగు దాకా పోయి వట్టి చేతులతో వచ్చింది. "కండ్లు కనపడలేదులే" అంది. అబద్ధం. సూదిలో దారం ఎక్కించే కళ్లవి.

మూడోనాడు చిన్నదినం కర్మ అయ్యాక, మధ్యాహ్నం నేనే వంకలోకి దిగాను. మడుగు నెర్రెలిచ్చింది. ఒడ్డున తెల్లపూలు కనిపించాయి, పొడుగు కాడల మీద. ఏమిటో తెలుస్తూనే ఉంది. అయినా ఒక కాడ తుంచి బొటనవేలి మీద నలిపాను. అత్త చెప్పినట్టే ఆగాను. పైన తోటలో నీళ్లందక మోటారు గాలి పీలుస్తున్న చప్పుడు. ఇంకాసేపు ఆగాను. వేలు పచ్చగానే ఉంది.