జెల్ సీసా కోసం లేచిన రోజు

కరీంనగర్‌లో నేను చేసేది స్కానింగ్ తీసే పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుడిచెయ్యి గాల్లోనే ఉంటుంది. నాలుగు నెలలుగా ఆ చేతి జబ్బ, అంటే భుజం, నొప్పిగా ఉంది. మిషన్ నా ఎదురుగానే ఉంది, నేను మాత్రం చూసుకోలేదు. లోపలి కండ తెగిందని తేలితే ఈ పని పోతుంది. నాకు ఇంకో పని రాదు.

ఆరోజు సిరిసిల్ల నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతున్నాడట. కుడిచెయ్యి పైకి లేవడం లేదని డాక్టరు పంపారు. బల్ల మీద కూర్చోగానే మెలికలు తిరగడం మొదలుపెట్టాడు. ఏమైందని అడిగాను.

"స్కానింగ్ అన్నరు గద సార్. రెండు సీసాల నీళ్లు తాగొచ్చిన."

జబ్బకు నీళ్లు అక్కర్లేదని చెప్పి బాత్రూమ్‌కు పంపాను. మా దగ్గర స్కానింగ్ అంటే కడుపుకే, దానికి నీళ్లు తాగి రమ్మంటాం. ఆయన తప్పేం లేదు.

తిరిగొచ్చాక చెయ్యి మెల్లగా పక్కకు లేపమన్నాను. తెర మీద చూస్తే కండ బాగానే ఉంది. దాని మీదుండే పల్చటి సంచిలో నీరు చేరి, చెయ్యి లేచినప్పుడల్లా ఎముక కింద ఇరుక్కుంటోంది.

"కండ తెగలేదు, సంచి వాచింది. మూడు వారాలు పని బంద్ పెట్టాలి" అన్నాను. రెండో జబ్బ కూడా పోల్చి చూద్దామని, జెల్ సీసా కోసం కుర్చీలోంచి లేచాను.

"సీసా అందేటట్టే ఉంది సార్. మీ చెయ్యి లేస్తలేదు, గందుకే మీరు లేసిన్రు. సాంచా కాడ నేను గట్లనే జేస్త."

నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

"మరి మిషన్ల జూసుకోలేదా?"

"భయమేసి చూసుకోలేదు."

"నేను గూడ భయపడుకుంటనే వచ్చిన. కూసోండ్రి."

కూర్చున్నాను. ఎడమచేత్తో పట్టుకుంటే, జబ్బ మీద ఆనించే ప్రోబ్ ఒకచోట నిలవడం లేదు. ఆయన తెర నా వైపు తిప్పి పట్టుకున్నాడు. కండను ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాను. ఎక్కడా తెగలేదు. ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఇంకా తెరనే చూస్తున్నాడు. "మీ సంచి నాదానికన్న లావున్నది" అన్నాడు. నిజమే.

"మరి మీరెప్పటిసంది బంద్ పెడ్తున్నరు?"

"బయట పదిమంది కూర్చున్నారు."

"నాకు ఎనిమిది సాంచాలున్నయి."

ఆయన తన చీటీ తిరగేసి బల్ల మీద పెట్టి, పెన్ను నా ఎడమచేతికి ఇచ్చాడు. "ఇద్దరం ఏ రోజు సంది బంద్ పెడ్తమో రాయుండ్రి" అన్నాడు.