గుడ్ అని చూపిన అరచెయ్యి

2023 డిసెంబరు, నందిగామ. అండర్-14 ఆడపిల్లల టెన్నిస్ ఫైనల్. నేను జగ్గయ్యపేటలో ఒక హైస్కూల్లో పీఈటీని. చలికాలం సెలవు రోజుల్లో రిఫరీగా తిరుగుతాను. రిఫరీ అంటే ఎవరితో ఎవరు ఆడాలో డ్రా వెయ్యడం దగ్గర్నుంచి అమ్మానాన్నల అరుపులు భరించడం దాకా టోర్నమెంటుకి జవాబుదారీ.

మా వింటర్ సర్క్యూట్ మొదలైనప్పుడు జగ్గయ్యపేటలో ఒకే ఒక్క సిమెంటు కోర్టు. పొద్దున్నే మంచు తడిని గోనెసంచులతో తుడిచి ఆడించేవాళ్లం. తర్వాత నందిగామ కలిసింది. రెండు ఊళ్లలో వచ్చిన పాయింట్లు కలిపి ఛాంపియన్‌ని తేలుస్తాం. ఆ ఏడాది ఒక నగరంలోని అకాడమీ వాళ్లు, ఛాంపియన్‌కి హాస్టల్‌తో సహా ఉచిత సీటు ఇస్తామన్నారు. మేమంతా ఎగిరి గంతేశాం. వాళ్ల బ్యానర్ నేనే దగ్గరుండి కట్టించాను.

చిన్న టోర్నమెంట్లలో లైన్ అంపైర్లు ఉండరు. ఎవరి వైపు పడ్డ బంతి సంగతి వాళ్లే చెప్పాలి. బయట పడితే వేలెత్తి "ఔట్" అనాలి. లోపల పడితే అరచెయ్యి నేలకేసి చూపిస్తే చాలు, గుడ్ అని అర్థం. లోపల పడ్డదాన్ని ఔటనే గడుగ్గాయిల్ని పట్టుకోవడమే నా పనిలో సగం.

ఆ సాయంత్రం చిల్లకల్లులో పనిచేసే ఒక మాస్టారు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. జగ్గయ్యపేటలో గెలిచి, ఇక్కడా ఫైనల్ ఆడుతున్న శ్రావ్య ఆయన కూతురు.

"మేడమ్, మా అమ్మాయి ఔట్ బంతుల్ని గుడ్ అంటోందండి. మీరొచ్చి కూర్చోండి."

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఇలాంటి ఫిర్యాదు వినలేదు. "ఎంత మంచి పిల్లండీ," అంటూ వెళ్లి అంపైర్ కుర్చీ ఎక్కాను. కుర్చీ ఎక్కాక తప్పు కాల్ ఎవరికి లాభమైనా సరే, నేను మార్చాల్సిందే. దాన్నే ఓవర్‌రూల్ అంటారు.

తర్వాతి బంతి గీతకి జానెడు అవతల పడింది. శ్రావ్య అరచెయ్యి కిందికి చూపించింది. "ఔట్," అన్నాను. పాయింటు ఆమెదైంది. పిల్ల తల తిప్పి నా వంక చూసింది. ఆ చూపుకి నా నవ్వు ఆగిపోయింది. మళ్లీ అలాగే మార్చాను. ఈసారి ఆ అరచెయ్యి వణకడం పైనుంచి కూడా కనబడింది.

వెలుతురు చాల్లేదని ఆట ఆపించాను. నిజానికి ఎండ ఇంకా కోర్టు మీదే ఉంది. శ్రావ్య బెంచీ దగ్గరికెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏమైందమ్మా?"

"మీరు వెళ్లిపోండి మేడమ్. నన్ను ఓడిపోనివ్వండి."

"ఎందుకు?"

"గెలిస్తే అక్కడికి పంపుతారు." బ్యానర్ వంక చూడకుండానే చెప్పింది. దసరా సెలవుల్లో ఆ అకాడమీలో క్యాంపుకి వెళ్లిందట. "సరిగ్గా ఆడకపోతే బంతులు పెట్టే గదిలో పెట్టి బయట గొళ్లెం వేస్తారు మేడమ్. లైటుండదు. ఒకసారి తెల్లారేదాకా మర్చిపోయారు."

"ఎవర్ని?"

"నన్నే."

"నాన్నకి చెప్పలేదా?"

"ఇంట్లో చెబితే నా రూమ్మేట్‌ని ఆ గదిలో పెడతామన్నారు మేడమ్. తనింకా అక్కడే ఉంది."

సరిగ్గా అప్పుడే అవతలి బెంచీ మీద నీళ్లు తాగుతున్న బ్లెస్సీని చూశాను. ఫైనల్లో శ్రావ్యతో ఆడుతున్న నందిగామ పిల్ల, పాయింట్లలో రెండోది. శ్రావ్య ఓడితే ఆ సీటు బ్లెస్సీదే. ఫైనల్ గెలవబోతున్నానని మురిసిపోతూ, నాకేసి చూసి నవ్వింది. ఎవరు గెలిచినా ఒక పిల్లని ఆ గదిలోకి పంపేది నేనే.

ఫైనల్ రద్దు చేశాను. కమిటీ వాళ్లు నా మీద ఎగిరిపడ్డారు. పడితే పడనీ అనుకున్నాను. రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. బ్లెస్సీ వాళ్లమ్మ కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. మాస్టారు ఫెన్సింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

"క్యాంపులో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసేవాణ్ణి మేడమ్. ఎలా ఆడుతున్నావనే అడిగా. ఎలా ఉన్నావని అడగలేదు."

ఆ సాయంత్రమే రూమ్మేట్ వాళ్ల నాన్నకి ఫోన్ చేయించాం. ఆయన అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని వెళ్లి పిల్లని తెచ్చుకున్నాడు. మేం అధికారులకి ఫిర్యాదు కూడా ఇచ్చాం. విచారణ అన్నారు, ఇంకా సాగుతూనే ఉంది. అక్కడ మిగిలిన పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు గుబులే.

శ్రావ్య ఇప్పుడు జగ్గయ్యపేటలోనే ఆడుతోంది. ఔట్ అంటే రోడ్డు మీదికి వినబడుతుంది. నేను మాత్రం మారాను. అబద్ధపు ఔట్లు చెప్పే గడుగ్గాయిల గురించి ఇప్పుడంత బెంగ లేదు. వాళ్లకి గెలవాలనుంది, అంతే. బయట పడ్డ బంతికి ఏ పిల్లయినా అరచెయ్యి కిందికి చూపిస్తే మాత్రం, మంచి పిల్ల అని ముచ్చటపడను. ఆ కోర్టు దగ్గరికి వెళ్లి, ముందు ఆ చెయ్యి వణుకుతోందేమో చూస్తాను.