మిగతా ఏడు కంప్యూటర్లు

ఉప్పల్‌లో బస్సెక్కి నాచారం వెళ్తుండగా మేనేజర్ ఫోన్ చేశారు. డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందట. సోమవారం వాళ్ల మనిషి వచ్చి, ఎన్ని కంప్యూటర్లలో వాడుతున్నామో చూస్తాడట. మా ఇంజనీరింగ్ యూనిట్‌లో కంప్యూటర్ల బాధ్యత నాది. మాకున్న లైసెన్సులు పన్నెండు. సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లు పంతొమ్మిది. లైసెన్సు లేని ఆ ఏడింటిలో ఎక్కించింది నేనే. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు, ముందు ఎక్కించు, తర్వాత కొందామని మేనేజరే అన్నారు. అది నోటిమాటే.

ఆఫీసుకు వెళ్లగానే ఆయన గది తలుపు వేశారు. ఏడింటిలోనూ తీసేసి, కంపెనీవాళ్లకు ఇచ్చే కాగితంలో పన్నెండే ఉన్నాయని రాసి సంతకం పెట్టమన్నారు.

మొదటి కంప్యూటర్ అక్కది. డ్రాయింగ్ సెక్షన్‌లో అందరికంటే సీనియర్ కాబట్టి ఆమెను అందరం అక్కా అనే పిలుస్తాం. మందుల ఫ్యాక్టరీకి మంగళవారం ఇవ్వాల్సిన ట్యాంకు డ్రాయింగ్ సగంలో ఉంది. విషయం చెప్పాను. ఆమె ఫైల్ సేవ్ చేసి లేచి నిలబడింది.

"తీసెయ్యి, నేను వేరే సీట్ల కూసుంట. గని కాగితం మీద సంతకం నీదే ఉంటది గదా," అంది.

ఆమె కుర్చీలో కూర్చున్నాను. తీసేయాలా అని తెర అడుగుతోంది. తీసేసినా ఆనవాళ్లు మిగులుతాయని నాకు తెలుసు. ధైర్యమో, దొరికిపోతానన్న భయమో ఇప్పటికీ చెప్పలేను గానీ, నొక్కలేకపోయాను. పంతొమ్మిది అని రాసి, సంతకం పెట్టి, మేనేజర్ ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "గిది నీ మెడకే సుట్టుకుంటది, తెల్సా?"

"ఎక్కించింది నేనే గద సార్," అన్నాను.

కాగితం సొరుగులో పెట్టుకుని నన్ను వెళ్లమన్నారు. శని, ఆదివారాలు ఇంట్లో అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

సోమవారం వచ్చినాయన ప్రతి కంప్యూటర్ దగ్గరా స్వయంగా కూర్చుని చూశాడు. చివరికి మేనేజర్ నా కాగితం తీసి ఇచ్చారు. నా సంతకం కింద ఆయన చేతిరాత కనిపించింది: 'నేను చెప్తేనే ఎక్కించాడు.' దాని కింద ఆయన సంతకం. కంపెనీ మనిషి కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు.

కొత్త లైసెన్సులు వచ్చేదాకా ఆ ఏడింటినీ ఆపేశారు. డ్రాయింగ్ వాళ్లు వంతులవారీగా పనిచేశారు. అక్క పొద్దున్నే ఆరింటికి వచ్చేది. మేనేజర్ నాతో మాటలు తగ్గించారు. ఏ పనైనా మెయిల్‌లోనే చెప్పేవారు.