బిస్కెట్ ప్యాకెట్ మీద వ్యాకరణ పాఠం

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ వ్యాకరణం చెబుతున్నాను. పోయిన వేసవిలో నా భార్య లక్ష్మితో సింగపూర్ వెళ్లాను. ఆమెకు పల్లీలు పడవు.

అక్కడొక దుకాణంలో లక్ష్మి బిస్కెట్ ప్యాకెట్ నా చేతికిచ్చి, "జర చూడుండ్రి, ఇండ్ల పల్లీలున్నయా?" అని అడిగింది. వెనక సన్నటి అక్షరాల్లో 'మే కంటెయిన్ పీనట్స్' అని ఉంది.

"'మే' అంటే ఉండొచ్చేమో అని వట్టి అనుమానం. నిజంగ ఉంటే 'కంటెయిన్స్' అనే రాస్తుండిరి. బేఫికర్‌గ తిను" అని అక్కడే పాఠం చెప్పాను.

రెండు బిస్కెట్లు తినగానే ఆమె పెదాలు వాచాయి, ఊపిరి అందలేదు. నాకు 'హెల్ప్' అన్న ఒక్క మాట కూడా నోట రాలేదు. కౌంటర్‌లోని అమ్మాయే అంబులెన్స్‌ను పిలిచింది.

ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేశాక లక్ష్మి తేరుకుంది. "లేబుల్ చదవలేదా?" అని డాక్టర్ ఇంగ్లిష్‌లో నన్ను అడిగాడు.

"చదివిన్నని చెప్పుండ్రి," అంది లక్ష్మి నీరసంగా. "అర్థం గూడ చెప్పిన్నని చెప్పుండ్రి."

ఆ హెచ్చరిక రాసినవాళ్లకు నా అంత వ్యాకరణం తెలియకపోవచ్చు గానీ, పల్లీల సంగతి తెలుసు. ఇప్పుడు ప్యాకెట్లు లక్ష్మే చదువుతుంది. అడిగితే తప్ప నేను నోరు విప్పను.