వదిన బండి చక్రాలు

మా వదిన పోయింది. మొన్న పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరి బస్టాపులో నిలబడి ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ వదిన పోయిందిరా" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. ఎదురుచూస్తున్న వార్తే. అయినా బస్సు వచ్చి వెళ్ళిపోతుంటే, ఎక్కాలో ఇంటివైపు తిరగాలో తోచక కాసేపు అక్కడే ఉండిపోయాను.

చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఆమెను చూసే ఉంటారు. సర్కారు ఆరోగ్య కేంద్రంలో నర్సు. తెల్లకోటు, భుజాన సంచి, ఆకుపచ్చ ఎలక్ట్రిక్ సైకిల్, దాని వెనక క్యారియర్ మీద తాడుతో బిగించిన టీకాల డబ్బా. ఆ బండికి పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. గుట్ట మీది బస్తీలకు ఆటోలు ఎక్కవు. మోకాళ్ళ నొప్పితో ఆమె అంతదూరం నడవలేకపోయేది. బండి కొన్నాక మళ్ళీ పైదాకా వెళ్ళగలిగింది.

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా అమ్మ లేదు. నేనింకా కాలేజీలో ఉన్నాను. వచ్చిన కొత్తలోనే నా టిఫిన్ డబ్బా ఆమె చేతికి వెళ్ళింది, నా అబద్ధాలు పట్టుకునే పని కూడా. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆమె చూపు చంటిపిల్లల మీదే. "గీ పోరికి తట్టు సూది పడ్డదా?" అని పెళ్ళికూతురి పిన్నినో, వదిననో అడిగేది. అన్నయ్య సిగ్గుతో పక్కకు తిరిగేవాడు. "ఒక్క ఇల్లు ఇడిస్తే గల్లీ అంతా ఇడిసినట్టే" అనేది ఆమె.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆమె వెంట నేనూ నా స్కూటర్ మీద గుట్టపైకి వెళ్ళాను. తిరిగి దిగుతుంటే ఆమె బండి ఆపింది.

"ఇన్నవా తమ్మీ?"

"ఏంది వదినా?"

"చప్పుడు."

నాకేమీ వినపడలేదు. ఆమె వంగి వెనక చక్రం తిప్పి చూసింది. ఆ బండికి మోటారు చక్రం నడుమనే ఉంటుంది. ఆ మోటారు అంచు దగ్గర ఒక చక్రం పుల్ల, అదే స్పోకు, తెగి వేలాడుతోంది. ఎక్కి నడుపు, ఏం కాదు అన్నాను. "ఒకటి తెగిందంటే దాని బరువు పక్కదాని మీద పడ్తది. నేనెక్క" అంది. నేను స్కూటర్ అక్కడే పెట్టి బండి అందుకోబోతే ఇవ్వలేదు. తానే నెట్టుకుంటూ దిగింది. నడుమనడుమ ఆగి, కడుపు మీద అరచేయి ఆనించి ఊపిరి తీసుకుంది.

"ఏమైంది వదినా?"

"గ్యాస్. పొద్దుగాల ఏం తినలే."

ఆ పుల్ల మార్పించింది. కొద్ది రోజులకు మరొకటి తెగింది. దాని తర్వాత దాని పక్కది. పైపుల కోసం తవ్విన రోడ్లు, గుంతలు, డబ్బాలో మంచుగడ్డల బరువు. బండి అమ్మిన షాపుకు వెళితే షట్టరు దించి ఉంది. బోర్డు ఉండే చోట నాలుగు మేకులు మిగిలాయి. పక్క కొట్టువాళ్ళు తమకు తెలియదన్నట్టు చేతులు తిప్పారు.

"పాత ఇనుపసామానోనికి ఇచ్చెయ్" అన్నాడు అన్నయ్య. సిటీబస్సు నడిపే మనిషి, డ్యూటీ దిగి వచ్చిన విసుగులో ఉన్నాడు.

"గది పోతే నేను సెంటర్‌ల కూసోవాలె. పైనున్న పోరగాండ్లు నా దగ్గరికి నడిచొస్తరా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. చెంపలు లోపలికి పోయాయి. కోటు గుండీలు మాత్రం కడుపు దగ్గర పట్టడం లేదు. వాటిని కొంచెం జరిపి మళ్ళీ కుట్టుకుందని తర్వాత గమనించాను. సన్నబడుతున్న మనిషికి కోటు ఎందుకు బిగుతవుతుందని ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు.

శాలిబండ దగ్గర ఒక పాత సైకిల్ దుకాణం ఉంది. అందులో పెద్దాయనను అందరూ భాయ్ అనేవారు. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని నేనూ వదినా అక్కడికి వెళ్ళాం. గోడ నిండా రిమ్ములు వేలాడుతున్నాయి. భాయ్ మొదట మెరుస్తున్న అల్లాయ్ చక్రం దించాడు.

"గిది చూడమ్మా. పుల్లలే లేవు, ఇరిగే ఫికరే లేదు. మస్తు షాన్‌గ ఉంటది."

"నా మోటార్ దీంట్ల పడ్తదా?"

"పట్టదు. మోటార్‌తోని సహా మార్చాలె. నీ బ్యాటరీకి కలుస్తదో లేదో నేను చెప్పలేను."

"మరెందుకు చూపెడ్తున్నవ్ భాయ్?"

భాయ్ నవ్వాడు. "అందరు గదే అడుగుతరమ్మా."

తర్వాత మామూలు సైకిల్ రిమ్ తీశాడు. సైజు సరిపోతుంది, తేలిక కూడా. వదిన దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ వంచి చూసింది. "ఎన్నాళ్ళు ఆగుతది?" అంది. "ఆగుతది, గుట్ట ఎక్కకుంటే" అన్నాడు భాయ్. ఆమె దాన్ని గోడకు ఆనించేసింది.

అప్పుడు ఆయన స్టూలు లాక్కుని కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. ఏం మోస్తావు, ఏ దారిన పోతావు, దిగేటప్పుడు ఏ బ్రేకు వేస్తావు. ఆమె తన దగ్గరికి వచ్చే తల్లుల్ని ప్రశ్నలడిగే తీరు నాకు గుర్తొచ్చింది. అంతా విని లోపలి నుంచి ఒక వెడల్పాటి స్టీలు రిమ్ తెచ్చాడు. రెండు పొరలది, బరువుగా ఉంది. మోటారు రంధ్రాల్లో పట్టేంత లావు పుల్లలు ఏరి పక్కన పెట్టాడు. చక్రం ఎత్తు పాతదానంతే ఉండాలని, లేకపోతే బ్రేకు రబ్బరు కట్టలు రిమ్‌కు అందవని చెప్పాడు. లావు టైరు ఫ్రేముకు రాసుకోకుండా సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. "స్పీడ్ కొంచెం తగ్గుతది. చార్జింగ్ గూడ జల్దీ అయిపోతది" అన్నాడు.

"కానీ. నాకు ఇరగకుంటే చాలు. ముందుది గూడ ఇప్పు భాయ్."

"ముందుది మంచిగనే ఉంది కదా."

"ఇప్పి చూడు."

ఆయన ముందు చక్రం తీసి, టైరు ఊడదీసి, రిమ్‌ను గుడ్డతో తుడిచాడు. బ్రేకు రాసుకునే చోట గోటితో మెల్లగా గీసుకుంటూ వచ్చాడు. ఒకచోట గోరు ఆగింది. వెలుతురుకు పట్టి చూపించాడు. వెంట్రుకంత పగులు. అది అంచు నుంచి లోపలికి పాకి ఉంది.

"గిట్లనే గుట్ట దిగుతున్నవా రోజు?"

వదిన చేయి మళ్ళీ కడుపు మీదికి వెళ్ళింది. భాయ్ చూపు రిమ్ మీది నుంచి ఆ చేతి మీదికి వచ్చి అక్కడే నిలిచింది.

"తబియత్ మంచిగుందా అమ్మా? మా ఇంట్లామె గూడ గిట్లనే చెయ్యి పెట్టుకుంటుండె."

పెట్టుకుంటుండె. ఆయన భార్య ఇప్పుడు లేదని ఆ మాటలోనే అర్థమైంది. బయట ఆటో హారన్లు మోగుతూనే ఉన్నాయి. వదిన కొంగు సర్దుకుని, "ముందుకు గూడ గదే రిమ్ ఎయ్యి భాయ్" అంది.

కొత్త చక్రాలతో బండి ఇంటికి వచ్చిన రోజు ఆమె గల్లీ చివరిదాకా వెళ్ళి, గుంతలన్నీ వెతికి వెతికి ఎక్కించుకుంటూ తిరిగొచ్చింది. బండి దిగి, తల ఒక పక్కకు వంచి విన్నది. "ఏం చప్పుడు లేదు" అంది. అంత తృప్తిగా ఆమె నవ్వడం చూసింది అదే ఆఖరు. ఆ చక్రాల మీదే మళ్ళీ పోలియో చుక్కల వారం పూర్తి చేసింది. గుట్ట మీద ఒక్క ఇల్లు వదల్లేదు.

ఆ వారం ముగిసిన మర్నాడు వాకిట్లో బండి దిగబోయి దిగలేకపోయింది. హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చుని, "తమ్మీ, జర పట్టుకో" అంది. నేనూ అన్నయ్యా రెండు పక్కలా పట్టుకుని దించాం. ఎత్తితే అంత తేలిగ్గా ఉంటుందని నేననుకోలేదు. ఆసుపత్రిలో స్కానింగ్ చేశారు. గర్భాశయం పక్కన మొదలైన గడ్డ కడుపంతా పాకిందని డాక్టరమ్మ అన్నయ్యను పక్కకు పిలిచి చెప్పింది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ మడిచాడు.

"నర్సువి, ఇన్ని దినాల సంది నీకు తెల్వలేదా?" అని ఆయన ఆమెను అడుగుతుంటే నేను గుమ్మంలో ఉన్నాను.

"అనుమానముండె" అంది వదిన. "పోయినసారి పోలియో వారం అయినంక పోదామనుకున్న. అయినంక బండి ఖరాబైంది. గంతల మళ్ళ పోలియో వారం వచ్చింది."

అన్నయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆమె ఆయన తల మీద చేయి వేసింది.

ఎండాకాలమంతా మందులు ఎక్కించారు. జుట్టు ఊడింది. ఒకరోజు భాయ్ పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక, "బండెట్ల నడుస్తుందమ్మా?" అన్నాడు. "మస్తు నడుస్తుంది భాయ్. నువ్వు ఆ దినం అడిగినందుకు కోపం రాలే నాకు. భయమైంది" అంది. ఆయన తల దించుకున్నాడు. పోతూ పోతూ వాకిట్లో నిలబెట్టిన బండి చక్రాలు రెండూ నొక్కి చూసి, గాలి కొట్టి వెళ్ళాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఆమె కోరిక ప్రకారం బండిని సెంటర్‌లో ఆమెతో పనిచేసిన నర్సుకు ఇచ్చాం. చక్రాలు ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదట.

నిన్న సాయంత్రం గుట్టపైకి వెళ్ళాను. వదిన పోయిన సంగతి కొందరికి చెప్పాలి కదా. చెప్పనక్కర్లేకపోయింది. నన్ను చూడగానే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అప్పుడు చూశాను, ప్రతి తలుపు పక్కనా గోడ మీద ఆమె సుద్దరాతలు. చుక్కలు వేసిన ఇంటికి వేసే గుర్తు, కింద తేదీ, పిల్లల లెక్క. ఆ పోలియో వారం తర్వాత వాన పడలేదు. ఎవరూ తుడవనూ లేదు. గాలి చల్లబడింది. గుట్ట వెనక నల్లటి మబ్బు దిగుతోంది. మొదటి చినుకు వచ్చి గోడకు తగిలింది. ఒక అంకె చివర తడిసి, సన్నటి తెల్లగీతగా కిందికి జారింది.