చేపలు ఈదిన నిద్ర

ఎర్మాన్స్, నేనూ పారిస్‌లో ఒకే ఫొటో స్టూడియోలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లం. ఫొటోల్లో మొటిమలు, ముడతలు, కళ్లకింది నలుపు సన్నటి కుంచెతో చెరిపెయ్యడం మా పని. సాయంత్రమయ్యేసరికి ఊళ్లోవాళ్ల మొహాలన్నీ పింగాణీ పళ్లేల్లా ఒక్కలాగే ఉండేవి.

కలలే అసలు నిజమని కవులూ చిత్రకారులూ కాఫీ హోటళ్లలో గొంతులు చించుకునే రోజులవి. ఓ ఆదివారం వాన తప్పించుకోడానికి అలాంటి చోటికే దూరాం. పక్కబల్ల దగ్గర ఒకాయన అంటున్నాడు: "కలని మనం తయారు చెయ్యలేం. వీధిలో నిలబడితే అదే ఎదురొస్తుంది."

నేను నవ్వాను. ఎర్మాన్స్ నవ్వలేదు.

కొన్నాళ్లకి చిన్న కెమెరా కొనుక్కుంది. సెలవొస్తే చాలు, వీధుల్లోనే. ఎవర్నీ నిలబెట్టదు, ఇటు చూడమనదు. గోడకానుకుని కాచుకుంటుంది. ఆమె ఫొటోల్లో దుకాణం అద్దంలోని పెళ్లిగౌన్ల మధ్య మబ్బులు నడిచేవి. నిలువుటద్దం మోసుకెళ్లే మనిషికి నడుం పైన ఆకాశమే ఉండేది.

"నేనేం చెయ్యట్లేదే. వీధే కలగంటోంది. నేను మెలకువగా ఉంటున్నానంతే" అనేది.

నది ఒడ్డున చేపలూ పిట్టలూ అమ్మే కొట్ల వరస ఉంది. ఓ మధ్యాహ్నం అనిసే అని, బొగ్గులు మోసే అతను అక్కడ బస్తా దింపి, చేపల తొట్టె అద్దానికి చేరగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. వెనక నీళ్లలో చేపొకటి సరిగ్గా అతని పెదాల దగ్గరికొచ్చింది. ఎర్మాన్స్ మీట నొక్కింది. ఫొటోలో చేపలన్నీ అతని నోట్లోంచి బయల్దేరి గాల్లో ఈదుతున్నాయి.

ఆ కలలవాళ్ల చిన్న పత్రిక దాన్ని అచ్చేసింది. వారం తిరక్కుండా అనిసే ఆ పత్రికవాళ్లని అడిగి మా స్టూడియోకి కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఎవరమ్మా నన్ను ఫొటో తీసింది? వైన్ కొట్లో కూర్చోనివ్వట్లేదు. ఏం బావా, రాత్రి కూరకి రెండు చేపలు కక్కిపెట్టవా అంటున్నారు!"

ఎర్మాన్స్ లేచింది. "నేనేనండీ. మీరెంత తిట్టినా పడతాను. ముందు దీన్నోసారి చూడండి" అని పెద్ద ప్రింటు చేతిలో పెట్టింది.

అతను దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"నిద్రలో నేనింత నెమ్మదిగా ఉంటానా? మావాళ్లు గురక సంగతే చెప్పారు."

మేమంతా గొల్లుమన్నాం. అతను మాత్రం ఫొటోలోంచి తల ఎత్తలేదు.

"మరి మసి తుడవలేదేం? ఇక్కడ అందరికీ తుడుస్తారటగా?"

"తుడిస్తే ఆ చేపలు మిమ్మల్ని గుర్తుపట్టవు" అంది ఎర్మాన్స్.

ఆ తర్వాత అతను ఆదివారాలు ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఇంకో ఫొటో కావాలని బెంచీల మీద, విగ్రహాల కింద దొంగనిద్రలు పోయేవాడు. ఒక్కటీ కుదరలేదు.

"మీరు పడుకోట్లేదు, రెప్పల సందులోంచి నన్ను చూస్తున్నారు."

"చూడక ఏం చెయ్యను మరి?"

ఆ శీతాకాలంలో ఒక పెళ్లికూతురి బుగ్గమీద పుట్టుమచ్చ చెరపనని మొండికేసి, ఎర్మాన్స్ ఉద్యోగం పోగొట్టుకుంది. పత్రికలకి ఫొటోలు అమ్ముకుంటూ ఎలాగో నెట్టుకొచ్చింది. వసంతంలో వాళ్లిద్దరి పెళ్లికి నేనే సాక్షి సంతకం పెట్టాను.

ఒకరోజు వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. సూప్ తాగుతూ తాగుతూనే అనిసే బల్లమీద తలవాల్చి నిజంగా నిద్రపోయాడు. లేసు తెరలోంచి ఎండ పడి, అతని మొహం నిండా తెల్లటి ఆకులు మొలిచాయి. కిటికీ తెర కదిలినప్పుడల్లా అవీ ఊగుతున్నాయి.

"కెమెరా తియ్యవే!" అన్నాను గుసగుసగా.

తీసింది. కంటిదాకా ఎత్తింది కూడా. అలాగే కాసేపు చూసి కిందకి దించేసి, అతని చొక్కా చెయ్యి తడవకుండా సూప్ గిన్నె పక్కకి జరిపింది.